పేరు కొట్టించిన గిన్నె

పూరీ నుంచి వచ్చిన మర్నాడు రత్నం కుళాయి దగ్గర రెండు చేతులూ చాచి నాకు చూపించింది.

"సూడు వదినా. ఐదు రోజులు బొగ్గు ముట్టకపోతే సేతులు ఎలాగయిపోనాయో."

చూశాను. మెత్తగా, నున్నగా, పెళ్ళికూతురి చేతుల్లా కనిపించాయి. నిజానికి వాటిలో మార్పేమీ ఉండి ఉండదు. కళ్ళలో నిప్పులు పోసుకుని చూసే మనిషికి ఏది చూడకూడదో అదే కనిపిస్తుంది.

ఖరగ్‌పూర్ మథురాకాటి రైల్వే క్వార్టర్లలో మావి గోడ కలిసిన ఇళ్ళు. నా మొగుడు నూకరాజు, ఆవిడ మొగుడు గోవిందరావు, ఇద్దరూ వర్క్‌షాపులో ఫిట్టర్లు. ఒకటే జీతం. ఒకటే సైరన్‌కి వెళ్ళి ఒకటే సైరన్‌కి తిరిగొస్తారు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే రైల్లో ఖరగ్‌పూర్‌లో దిగారంటారు. అన్నీ సమానంగా ఉన్నచోటే ఓర్చుకోవడం కష్టం. ఆఫీసరు భార్య కారెక్కితే నాకేమీ అనిపించదు. రత్నం కొత్త చెప్పులేసుకుంటే మాత్రం ఆ పూట నాకు అన్నం సయించదు.

ఇది చైనా యుద్ధం అయిన మరుసటి ఏడాది మాట. పూరీలో సముద్రం ఒడ్డున రైలు ఉద్యోగులకి ఒక హాలిడే హోమ్ ఉండేది. ఆ ఏడాది అక్కడ భోజనం కూడా పెట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ బయల్దేరకముందే ఐదు రోజులకీ డబ్బు కట్టేస్తే మనిషికో గులాబీరంగు కూపన్ల పుస్తకం ఇస్తారు. పూటకో చీటీ చింపి ఇవ్వడం, కూర్చుని తినడం. తిన్నా తినకపోయినా కట్టింది తిరిగి రాదు. అప్పటిదాకా మావాళ్ళెవరైనా పూరీ వెళ్ళారంటే కిరసనాయిలు స్టవ్వూ, బియ్యం సంచీ, చింతపండూ, కారం డబ్బా అన్నీ మోసుకునే వెళ్ళేవాళ్ళు. సముద్రం దగ్గరికి వెళ్ళినా ఆడదానికి పొయ్యి తప్పేది కాదు. రత్నం ఒక్కతే అందరూ చూస్తుండగా ఒకే ఒక్క ట్రంకుపెట్టెతో రిక్షా ఎక్కింది.

"తినని కూటికి ముందే డబ్బులేటమ్మా?" అంది ఆ రోజు రత్నం చేతులు చూసి దాలమ్మ పిన్ని, బిందె కుళాయి కింద పెడుతూ. మా వరసలో అందరికంటే పెద్దావిడ. "ఆలూ లేదు సూలూ లేదు అన్నట్టుంది. వాడు రాళ్ళు కలిపి పెడితే ఏటి సేస్తారు?"

"అలాగేటి కాదు పిన్నీ. గంట కొడతారు, ఎల్లి కూకోడమే. తిన్నాక కంచం కూడా మనం తియ్యక్కర్లేదు. ఇంక రోజంతా సముద్రం సూసుకోడమే. పొద్దున్న పచ్చగా ఉంటాది. మజ్జానానికి ఎండి పళ్ళెమే. సాయంకాలానికి సిలుము రంగు తిరిగిపోద్ది."

కంచం కూడా తియ్యక్కర్లేదన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. అప్పుడు నేను బూడిదతో గిన్నెలు తోముతున్నాను. వరసకంతా ఒకటే కుళాయి కాబట్టి, గిన్నెలు తారుమారు కాకుండా అందరం వాటి మీద పేర్లు కొట్టించుకుంటాం. రత్నం గిన్నెల మీద 'గో. రత్నం' అని గుండ్రటి అక్షరాలుంటాయి. పెళ్ళైన ఏడాదే గోవిందరావు గోల్‌బజార్‌లో దగ్గర కూర్చుని మరీ కొట్టించాడట. నా గిన్నెలన్నీ మా అత్తగారివి. అన్నిటి మీదా 'అప్పలనర్సమ్మ' అనే ఉంటుంది. ఆవిడ పోయి ఆరేళ్ళైంది. నేను రోజూ రెండు పూటలా ఆవిడ పేరు తోముతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచీ నూకరాజుకి నిద్ర లేకుండా చేశాను. మనమూ వెళ్ళాలి, మనమూ కూపన్లే కొనాలి అని.

"పూరీ ఎల్దాం, కాదన్నానేటి?" అన్నాడు. "స్టవ్వు పట్టుకెల్దాం. ముందే కట్టేస్తే తినాలి మరి. ఓ పూట కడుపు బాగోదు. ఓ పూట గుడిలో పెసాదం తింటాం. ఆ సీటీలన్నీ ఏటి సేస్తాం, తలకింద పెట్టుకుంటామా?"

"రత్నం వాళ్ళు తిన్లేదేటి?"

"పులిని సూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ యవ్వారం."

నన్ను నక్క అన్నందుకు కాదు, రత్నాన్ని పులి అన్నందుకు నాకు ఒళ్ళు మండింది. మూడు రోజులు మాట్లాడలేదు. కావాలని పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఆ మహానుభావుడు మూడు రోజులూ ఆ చప్పిడి పప్పు తిని, చెయ్యి కడుక్కుని, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఎద్దుకేం తెలుసు అటుకుల రుచి అనుకున్నాను. పదకొండేళ్ళ కాపురంలో నా వంట బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. కంచంలో పడింది కడుపులోకి పోవడమే.

చివరికి ఓవర్‌టైం డబ్బులు రాగానే విసిగిపోయి కట్టేశాడు. ఆ గులాబీ పుస్తకాలు చేతికొచ్చిన రోజున నేను పనిమాలా వాటిని కుళాయి దగ్గరికి పట్టుకెళ్ళాను. రత్నం వాటిని చూసి, "మంచిది వదినా. ఆ వంటిల్లు పక్కకి మాత్రం ఎల్లకు. ఒకటే పొగ," అంది. నేను సుఖపడటం చూడలేక అలా అంటోందనుకున్నాను.

పూరీలో మొదటి పూట గంట కొట్టారు. మేమిద్దరం, మా పిల్లలిద్దరూ వెళ్ళి బల్ల ముందు కూర్చున్నాం. వంట ఠాకూర్ పొగలు కక్కే అన్నం, కొబ్బరీ కూరముక్కలూ వేసిన పప్పు, ఆవపెట్టిన చేప తెచ్చి వడ్డించాడు. నా చేతులు ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను. రత్నం ఇదే బల్ల దగ్గర ఇలాగే కూర్చుని ఉంటుందనుకుని, ఆవిడ కంటే ఒక అంగుళం ఎక్కువ నిటారుగా కూర్చున్నాను.

నూకరాజు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఇదీ పప్పంటే," అన్నాడు.

పదకొండేళ్ళలో ఆ నోట్లోంచి అలాంటి మాట వినడం నాకు అదే మొదటిసారి. మారు అడిగాడు. ఠాకూర్‌ని పిలిచి 'దాదా, చాలా బాగుంది' అన్నట్టు చెయ్యి ఊపాడు. పిల్లలిద్దరూ కూడా పోటీపడి తిన్నారు. రాత్రికి నూకరాజు చేప ముక్క చప్పరిస్తూ, "నువ్వెప్పుడూ ఆవ ఎందుకు పెట్టవు?" అని నన్నడిగాడు. మా ఇంట్లో ప్రతి ఆదివారం ఆవపెట్టిన చేపే వండుతాను. ఆ మాట చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుందని భయం వేసింది.

మర్నాటి నుంచీ గంట కొట్టకముందే వెళ్ళి కూర్చునేవాడు. నాకు సముద్రం ఒడ్డున ఇంకాసేపు ఉండాలనిపించినా, "కట్టినాం కదే, పద," అని లాక్కుపోయేవాడు. నేను కోరుకున్నదంతా దొరికింది. పొయ్యి లేదు, పొగ లేదు, కంచం తియ్యక్కర్లేదు. ఇసుకలో కూర్చుంటే గవ్వలమ్మేవాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. అయినా నా చూపు ఆ భోజనాల గది మీదే ఉండేది. ఒకప్పుడు రత్నాన్ని చూసి మండేదాన్ని, ఇప్పుడు వేలాడే బొజ్జా చెమట బనీనూ ఉన్న ఆ ఠాకూర్‌ని చూసి మండుతున్నాను. ఇన్నాళ్ళూ రుచి తెలియని మనిషికి వండుతున్నాననుకుని ఓర్చుకున్నాను. రుచి తెలియకపోవడం కాదు, నా చేతిది నచ్చకపోవడం అని తెలిశాక ఎలా ఓర్చుకోవాలి?

నాలుగో రోజు మధ్యాహ్నం, ఆ పప్పులో ఏం కలుపుతాడో చూద్దామని వంటింట్లోకి వెళ్ళాను. ఠాకూర్ బియ్యం ఏరుతున్నాడు. గోడకి కొట్టిన పలక మీద కళాయి వేయించిన ఇత్తడి గిన్నె ఒకటి బోర్లించి ఉంది. దాని చుట్టూ తెలుగు అక్షరాలు. దగ్గరికి వెళ్ళి చదివాను. గో. రత్నం.

ఆ గిన్నె ఎవరిదని అడిగాను. ఠాకూర్ బెంగాలీ, ఒడియా కలిపి చెప్పాడు. నాకు రెండూ వచ్చు. మొన్న ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన దీదీదట. వాళ్ళాయనకి ఇక్కడి వంట ఒక్క ముద్ద కూడా దిగలేదట. కూపన్లు చేతిలో పెట్టుకుని కంచం ముందు నుంచి లేచిపోయాడట. ఐదు రోజులూ రెండు పూటలా ఆ దీదీ ఈ కిటికీ దగ్గరే నిలబడి, పెట్టెలోంచి తెచ్చుకున్న ఆ గిన్నెలో పుల్లటి నీళ్ళేవో కాచి ఆయనకి పెట్టిందట. వెళ్ళేటప్పుడు గిన్నె మరిచిపోయిందట.

కిటికీలోంచి చూశాను. సముద్రం వెండి పళ్ళెంలా ఉంది. రత్నం చెప్పిన రంగులన్నీ ఈ కిటికీలోంచి చూసినవే.

ఒక్క క్షణం నా కడుపు చల్లబడింది. పొయ్యి ముట్టలేదని ఎన్ని కోతలు కోసింది! ఈ గిన్నె పట్టుకెళ్ళి, దాలమ్మ పిన్నితో సహా అందరూ ఉన్నప్పుడు కుళాయి చప్టా మీద ఠంగుమని పెడితే చాలు. ఠాకూర్‌కి చెప్పి గిన్నె తీసుకుని చీర మడతల్లో చుట్టి పెట్టెలో పెట్టాను.

తిరుగు రైల్లో ఆ ముచ్చటంతా మనసులో ఎన్నిసార్లు ఆడించుకున్నానో. ఖరగ్‌పూర్ దగ్గరపడే సరికి నాకు ఇంకో సంగతి తట్టింది. గిన్నె పెడతాను. రత్నం తలొంచుకుంటుందా? 'ఏటి సెయ్యను పిన్నీ, నా సేతి సారు లేందే ఆయనకి ముద్ద దిగదు' అంటుంది. అప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? డబ్బు కట్టిన భోజనం వదిలేసి పెళ్ళాం చారు కోసం అలిగిన మొగుడు ఆవిడకున్నాడు. కూపను ముక్క కూడా వదలకుండా తిన్న మొగుడు నాకున్నాడు. పక్క బెంచీ మీద నూకరాజు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కడుపు నిండా తిన్న మనిషి నిద్ర అది.

అందుకే కుళాయి దగ్గరికి తీసుకెళ్ళలేదు. మొగుళ్ళిద్దరూ పనిలోకి వెళ్ళాక గిన్నె కొంగు చాటున పెట్టుకుని రత్నం ఇంటి పెరటి గుమ్మంలోకి వెళ్ళాను. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. గిన్నె ముందు పెట్టాను.

"ఠాకూర్ ఇచ్చినాడు. మరిసిపోయినావట."

రత్నం గిన్నె వైపు చూసింది గానీ ముట్టుకోలేదు.

"మరిసిపోలేదు వదినా. కావాలనే వదిలీసి వచ్చినాను. ఎందుకు మోసుకొచ్చినావు?"

పేరు కొట్టించిన గిన్నె ఎవరైనా కావాలని వదిలేస్తారా అన్నాను.

"ఆ గిన్నెలో కాస్తేనే సారట ఆయనకి. గిన్నె పోతే ఆ యావ పోద్దనుకున్నాను. వచ్చిన ఆదివారమే గోల్‌బజార్ ఎల్లి ఇంకోటి కొనీసినారు. దాని మీద కూడా నా పేరే కొట్టించినారు." లోపలికి చెయ్యి చూపించింది. పొయ్యి పక్కన కొత్త గిన్నె తళతళలాడుతోంది. "ఇసకలో కాలు పెట్టనేదు వదినా నేను. ఐదు రోజులూ. మీ ఆయన తిన్నారా ఆ కూడు?"

"తిన్నాడు. మారు అడిగి తిన్నాడు."

"అయితే నువ్వు సముద్రం సూసినావన్నమాట," అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఏడాది పొడవునా నా గొంతు అదే.

నన్ను చూసి కూడా కుళ్ళుకునే మనిషి ఉందని తెలిస్తే సంతోషం కలగాలి. నా కళ్ళు మాత్రం ఆ కొత్త గిన్నె మీదే ఉన్నాయి. ఒక పేరు చాలక రెండోసారి కొట్టించాడా మనిషి!

"ఇది నువ్వే ఉంచుకో. నా కళ్ళ ముందు వద్దు," అంది రత్నం.

తెచ్చుకున్నాను. ఊరికే పోతుంటే ఎందుకు వదలాలి? ఆ పూటే దాన్ని తోమి అందులో చారు పెట్టాను. ఎప్పుడూ పెట్టే చారే. అదే చింతపండు, అదే మిరియాలు, అదే ఇంగువ. సైరన్ కూసింది. నూకరాజు వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. గిన్నె దించి ఎదురుగా పెట్టి, గరిటెతో అన్నంలో పోశాను. కలుపుకుని ఒక ముద్ద తిని ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తల ఎత్తి గిన్నె మీది అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"రత్నం గారు పంపినారేటి? అదీ సారంటే. గోవిందరావు పన్లో దీన్ని ఊరికే పొగడడు మరి."

గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. ఇది నా చారేనన్న మాట నోటిదాకా వచ్చింది. చెబితే మూడో ముద్దకి మళ్ళీ మామూలు చారైపోతుంది. నాకు తెలుసు.

"అవును. ఆవిడే పంపింది," అన్నాను.

మారు అడిగాడు. పోశాను.