చెయ్యెత్తు మేస్త్రి ఇంట్లో అర

పొద్దున్నే పెన్సిలు చెవి మీద పెట్టుకుని వంటగది మధ్యలో నిలబడ్డాడు మేస్త్రి. గోడకి అర బిగించాలి. చిత్రిక పట్టిన చెక్క సిద్ధంగా ఉంది, మరలు జేబులో ఉన్నాయి, గోడ ఎక్కడికీ పోలేదు. ఎటొచ్చీ కొలతే లేదు.

ఊళ్ళో సగం వంటగదుల్లో అరలు అతను బిగించినవే. ఏ ఇంటికి వెళ్ళినా టేపు తీసేముందు ఆ ఇంటి ఇల్లాలిని గోడ దగ్గర నిలబెట్టి, "ఓసారి చెయ్యెత్తండమ్మా" అనేవాడు. మునివేళ్ళు ఆగినచోట గీత గీసేవాడు. అర ఆ గీత దాటకూడదు. స్టూలెక్కి దించుకోవలసి వస్తే అది అర కాదు, అటక అని వాదించేవాడు. అలా చెయ్యెత్తు మేస్త్రి అన్న పేరు పడిపోయింది. అసలు పేరు అతనికైనా గుర్తుందో లేదో.

ఇంత వాదనా చేసే మనిషి సొంత పెళ్ళాం మాత్రం కాపురానికొచ్చిన నాటినుంచీ స్టూలెక్కే డబ్బాలు దించుకుంటోంది. అడిగితే వచ్చేవారం అనేవాడు. ఆ వచ్చేవారం వస్తేగా! ఒకటి రెండుసార్లు ఆవిడే గోడ దగ్గర నిలబడి చెయ్యెత్తింది కూడా. "నీ కొలత నాకు తెలీదేమిటే, కళ్ళు మూసుకుని బిగిస్తాను" అని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఇవాళ నిజంగానే కళ్ళు మూసుకుని చూశాడు. ఆవిడ మొహం కనిపించింది, నవ్వు కనిపించింది. చెయ్యి ఎక్కడిదాకా వచ్చేదో మాత్రం అంతుపట్టలేదు. తన మీద తనకే సిగ్గేసింది.

ఆవిడ గుండె జబ్బుతో ఆస్పత్రిలో చేరి చాలా రోజులైంది. తోడుగా ఆవిడ చెల్లెలు ఉంది. సాయంత్రం ఇంటికి పంపించేస్తున్నారని నిన్న ఆ పిల్లే ఫోన్ చేసింది. ఆవిడ గడప తొక్కేసరికి అర గోడకి ఉండాలి. నిద్ర లేచిన దగ్గర్నుంచీ అతనికి ఇదొక్కటే ధ్యాస.

"ఇంకా మొదలెట్టలేదా బావా?" అంటూ పక్కింటి కండక్టరు వచ్చాడు. చేతిలో వాళ్ళింటికి వేయగా మిగిలిన తెల్ల రంగు డబ్బా. చుట్టరికం ఏమీ లేదు. మేస్త్రి భార్యని అక్కా అక్కా అని పిలిచి మేస్త్రిని బావని చేసుకున్నాడు. బస్సులో జనాన్ని తోసితోసి అలవాటేమో, ఏ పనినైనా ముందుకు తోసేదాకా ఊరుకోడు. ఇవాళ సెలవు పెట్టి మరీ వచ్చాడు.

"కొలత లేదురా."

"ఊళ్ళో అందరిచేతా చెయ్యెత్తించి, సొంతింటికి వచ్చేసరికి నువ్వు చేతులెత్తేశావన్నమాట." అంటూనే గోడకేసి చూశాడు కండక్టరు. "అదేమిటి బావా?"

పొయ్యి పక్కన, బాగా పైన, అయిదు వేళ్ళ గుర్తు. స్టూలెక్కినప్పుడల్లా తూలకుండా ఆవిడ ఎడమ చెయ్యి చాచి ఆనించే చోటు. నూనె చేతులు ఏళ్ళ తరబడి అక్కడే ఆనడంతో అరచెయ్యి గోడలోకి ఇంకిపోయింది. రోజూ తింటూ కూర్చునే గదిలో ఆ గుర్తుని మేస్త్రి ఎప్పుడూ చూడనేలేదు.

స్టూలు తెచ్చి గోడవార వేశాడు. దాని ఎత్తు కొలిచి, ఆ గుర్తునుంచి అంత ఎత్తూ కిందకి తగ్గించి గీత గీశాడు. తర్వాత స్టూలెక్కి ఆ గుర్తు మీద తన చెయ్యి పెట్టాడు. ఆవిడ వేళ్ళన్నీ అతని అరచేతి కింద దాగిపోయాయి. ఇంత చిన్న చెయ్యా అనుకున్నాడు. ఆ స్టూలుని మాత్రం తీసి పెరట్లో పడేశాడు.

"జిడ్డోడుతోంది. గోడకి ఓ చెయ్యి రంగు వేసేద్దామా?" అన్నాడు కండక్టరు.

"ముందు అర కానియ్యి. గోడ సంగతి తర్వాత."

గోడకి సుత్తీ ఉలీ పెట్టాక ఫోన్ మోగింది. ఆవిడే.

"ఆ చప్పుడేమిటి? ఎవరింట్లో ఉన్నారు?"

వచ్చాక చూసి ఆశ్చర్యపోవాలని అతని సరదా. "ఎవరో ఒకావిడ వంటగదిలే. అర బిగిస్తున్నా."

"ఆవిడచేత చెయ్యెత్తించారా?"

"ఇంట్లో లేదు. గోడ మీద చేతి గుర్తుంటే దాన్నిబట్టి కొలిచా."

అవతల ఆయాసంగా ఊపిరి తీసుకుంటున్న చప్పుడు.

"మరీ ఎత్తులో పెట్టకండి" అంది. "ఆ గుర్తు ఎప్పటిదో ఏమో. పాపం ఆవిడ చెయ్యి ఇప్పుడు అంతదాకా లేస్తుందో లేదో."

ఫోన్ పెట్టేశాక మేస్త్రి చెవి మీది పెన్సిలు మళ్ళీ తీశాడు. గీతకి జానెడు కిందకి దించి ఇంకో గీత గీశాడు. చాలదనిపించింది. ఇంకో జానెడు దించాడు.

"మరీ గుండెలకి తగిలేటట్టుంది బావా" అన్నాడు కండక్టరు.

"మనకి తగిలితే ఏంరా, దానికి అందాలిగానీ."

అర బిగించడం అయ్యేసరికి పొద్దు వాలింది. ఇల్లు సర్ది ఉంచుతానని కండక్టరు ఉండిపోయాడు. మేస్త్రి మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని ఆటోలో వెళ్ళాడు.

ఆస్పత్రి వరండాలో మరదలు నిలబడి ఉంది. సంచులు సర్ది పక్కన పెట్టుకుంది. అతన్ని చూడగానే ఎదురొచ్చింది.

"ఇప్పుడే బావగారూ. జడ వేస్తుంటే నా మీదకి ఒరిగిపోయింది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "డాక్టర్లు నిన్ననే చేతులెత్తేశారు. ఇంటికి తీసుకుపొమ్మన్నది అందుకే. అక్కే మీకు చెప్పొద్దంది. పొద్దున మీతో మాట్లాడాక, ఆయన పనిలో ఉన్నారు, చెడగొట్టకు అంది."

లోపల ఆవిడ సగం వేసిన జడతో పడుకుని ఉంది. దుప్పటి మీదున్న చెయ్యి పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగానే ఉంది. మెల్లిగా పైకెత్తాడు, గోడ దగ్గర నిలబెట్టి కొలిచేవాడిలాగా. చెయ్యి బరువుగా వాలిపోయింది. అప్పుడు ఏడ్చాడు.

ఇంటికి తీసుకొచ్చేసరికి వీధి వీధంతా గుమ్మంలో ఉంది. కండక్టరు ఒక్కడే లోపలినుంచి పరుగున వచ్చాడు, మోచేతులదాకా తెల్ల రంగు. కబురు అతనికి అప్పుడే తెలిసింది. తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

మంచినీళ్ళ కోసం వంటగదిలోకి వెళ్ళాడు మేస్త్రి. గది వెలిగిపోతోంది. నాలుగు గోడలూ తెల్లగా, తడితడిగా. పొయ్యి పక్కన, పైకి, చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చూశాడు.

వెనకే వచ్చిన కండక్టరు కూడా అటే చూశాడు. వాడికి అర్థమైంది. నేల మీద చతికిలబడి, "అక్క వచ్చేసరికి శుభ్రంగా ఉండాలని..." అన్నాడు.

"బాగుందిరా" అన్నాడు మేస్త్రి వాడి భుజం మీద చెయ్యి వేసి. "మీ అక్క ఎప్పట్నుంచో వెయ్యమనేది."

తర్వాతి రోజుల్లో వండిపెట్టడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పొయ్యి దగ్గర వంగి లేచినప్పుడల్లా అర తలకి తగిలి అవస్థపడ్డారు. చూడలేక ఓ రోజు కండక్టరు మరలు విప్పే పనిముట్టు పట్టుకొచ్చాడు. "కాస్త పైకి జరుపుదామా బావా?"

"వద్దురా. దాని కొలత ఇదొక్కటే మిగిలింది నాకు."

కండక్టరు పనిముట్టు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తెల్లటి గోడకి, మేస్త్రి గుండెల ఎత్తులో, ఆవిడ చెయ్యి ఒక్కసారైనా తగలని కొత్త చెక్క అర.