గోడకు పెట్టిన కంతలు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. గుణింతాలు తప్పితే సర్దుకుని చదవండి. నిదానంగా రాశాను గానీ జరిగిందే రాశాను.

తోళ్ల ఫ్యాక్టరీ గోడకు నడుమెత్తున ఇరవై కంతలుండేవి. ఆడవాళ్లు వీధిలో నిలబడి, సున్నంలో నానిన తోళ్లను ఆ కంతల్లోంచి లోపలి రోలర్లకు అందించాలి. ఎండయినా వానయినా అంతే. గేటు దాటనిచ్చేవారు కాదు. ఒకరోజు, మాతో పనిచేసే, అందరం పొడుగామె అని పిలిచే ఆవిడ కళ్ల ముందే రోలరు ఆమె చెల్లెలి కుడిచేతిని తోలుతో పాటు లాక్కుంది. ఆపండి ఆపండంటూ అందరూ గోడను గుద్దారు. లోపల ఎవరికీ వినబడలేదు. మోచేతి దాకా నలిగాక రోలరే బిగుసుకుని ఆగింది.

కేసు నాలుగేళ్లు నడిచింది. ఫ్యాక్టరీ చట్టం లోపల పనిచేసేవాళ్లకేనన్నాడు యజమాని లాయరు. జడ్జి సరేనన్నాడు. చేయి లోపల పోయినా మనిషి నిలబడింది బయట కాబట్టి ఆమె కార్మికురాలు కాదని తీర్పు చెప్పాడు.

"నా చెయ్యి కార్మికురాలట, నేను మాత్రం కాదట," అంది చెల్లెలు కోర్టు మెట్ల మీద. "పోన్లే, దానికైనా సెలవిచ్చారు."

ఎవరూ నవ్వలేదు.

నెల తిరక్కుండా ప్రభుత్వం ఆ తీర్పును చూపించి, గోడ బయట పనిచేసేవాళ్ల జోలికి వెళ్లొద్దని ఇన్‌స్పెక్టర్లకు ఉత్తర్వు పంపింది. ఆ వీధిలో ఇంకో పన్నెండు ఫ్యాక్టరీలున్నాయి. అన్ని గోడల మీదా కంతలు కొట్టే సుత్తుల మోత మొదలైంది. రోలరు ఆపే మీట చేతికందే దూరంలో, అక్కడ లోపల పనిచేస్తున్న ఆడవాళ్లందరినీ వీధిలోకి తోశారు.

వాళ్లంతా యూనియను రేకుల షెడ్డులో పోగై చెల్లెలి మీద విరుచుకుపడ్డారు.

"నీ కేసే మా కొంప ముంచింది! నోరు మూసుకుంటే మేం లోపలే ఉండేవాళ్లం."

"నోరు మూసుకునే కదే మేం పదేళ్లు వీధిలో నిలబడ్డాం?" పొడుగామె గయ్యిమంది. "తీర్పు రాసింది మా చెల్లా? కంతలు పెట్టించింది మా చెల్లా?"

"పైకోర్టుకు వెళ్దాం," అన్నాడు యూనియను లాయరు. "ఐదారేళ్లు పట్టొచ్చు."

"అప్పటికి ఇంకెన్ని చేతులు పోతాయి బాబూ?" అంది చెల్లెలు.

పొడుగామె లేచి నిలబడింది.

"మీరు పైకోర్టుకు వెళ్లండి. మేం లోపలికి పోతాం. రేపట్నుంచి ఆ కంతలో ఎవత్తీ చెయ్యి పెట్టకూడదు."

తెల్లారి మొదటి సైరనుకు, పాతవాళ్లూ, కొత్తవాళ్లలో కొందరూ కలిసి నూటనలభై మంది మా ఫ్యాక్టరీ గేటు తోసుకుని లోపలికెళ్లి మిషన్ల పక్కన నిలబడ్డారు. ఒక్క మేకు కూడా ముట్టుకోలేదు. పోలీసులు జుట్లు పట్టి ఈడ్చారు. లాఠీ దెబ్బకు పొడుగామె పక్కటెముకలు విరిగాయి. అక్రమంగా చొరబడ్డారని అందరి మీదా కేసు రాశారు.

స్టేషనులో రైటరు చెల్లెలి ముందుకు కాగితం తోశాడు.

"కుడి బొటనవేలు వెయ్యి."

"అది ఫ్యాక్టరీ లోపలుందయ్యా. వెళ్లి అక్కడ వేయించుకో."

ఊచల వెనక పొడుగామె పక్కలు పట్టుకుని నవ్వింది. కొడుతుంటే రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

మర్నాడు పదమూడు ఫ్యాక్టరీల్లోనూ రోలర్లు ఖాళీగా తిరిగాయి. గోడల బయట మనిషన్నది లేదు. షెడ్డులో చెల్లెల్ని తిట్టి, ముందురోజు మాతో రాకుండా ఉండిపోయినవాళ్లే అందరికన్నా ముందు స్టేషను గేటు నెట్టుకొస్తున్నారు.

"మా పేర్లూ రాసుకోండి!"

— సున్నం తొట్ల పెద్దమ్మ,
అరవై ఏడేళ్లు,
ఇప్పుడు ఉండేది తోళ్ల వీధి చివర, కూతురి ఇంట్లో.