మొదటి మునక

అత్తగారి కాలి పుండు కడగడానికి నీళ్ళు మరిగించి, చల్లార్చి, గిన్నె మీద మూత పెట్టి తెచ్చుకుని ఆమె నేల మీద కూర్చుందో లేదో, వెనకనుంచి భర్త అన్నాడు: "రేపు పొద్దున తొమ్మిదింటికల్లా నువ్వూ, చేపపిల్లా సముద్రంలో ఉండాలి. టీవీవాళ్ళు వస్తున్నారు. కాస్త నవ్వు మొహం పెట్టు. నిన్ను చూస్తే ఎవరో పోయారనుకుంటారు."

చేపపిల్ల అంటే వాళ్ళ కూతురు. రెండో తరగతి చదువుతోంది. నీళ్ళు కనపడితే చాలు తిండీ తిప్పలూ మర్చిపోతుందని వాళ్ళ నాన్నే ఆ పేరు పెట్టాడు. ఆయన ఆ ఊరి బీచ్‌కి మేనేజరు. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి మునిగి తేలిపోయే బీచ్ అది. ఒడ్డు పొడుగునా హోటళ్ళే. పోయిన సీజన్‌లో కొందరి పిల్లలకి వాంతులూ, ఒంటినిండా దద్దుర్లూ వచ్చి, ఆ మాట బయటికి పొక్కి, హోటళ్ళలో గదులు బోసిపోయాయి. అందుకని ఈసారి సీజన్ మొదలయ్యే రోజున మేనేజరు గారి పెళ్ళాం, బిడ్డా అందరికంటే ముందు సముద్రంలో మునగాలని ఆయనకి ఆలోచన తట్టింది. సొంత పెళ్ళాం బిడ్డల్నే దింపుతున్నాడంటే ఇంకెవరికి అనుమానం ఉంటుందని హోటళ్ళవాళ్ళు భుజం తట్టారట. అప్పట్నుంచీ మురిసిపోతున్నాడు. ఆ పెళ్ళాన్ని ఒక మాట అడగాలన్న ఆలోచన మాత్రం తట్టలేదు. పాపం, ఆలోచనలన్నీ ఒక్కరికే తట్టాలంటే ఎలా?

"రాత్రి వాన పడిందండీ," అంది ఆమె, దూదితో పుండు అంచులు అద్దుతూ.

"పడితే?"

"వాన పడ్డప్పుడల్లా రాళ్ళ వెనక తూములోంచి ఊరి మురుగంతా పొంగి సముద్రంలో కలుస్తుంది. రెండు మూడు రోజులదాకా..."

"ఆఫీసు విషయాలు ఇంట్లో వద్దని నీకెన్నిసార్లు చెప్పాలి?"

ఇది ఆ ఇంటి రాజ్యాంగం. ఆ సముద్రపు నీళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం ఆమెది. ఆయన ఆఫీసులోనే, వరండా చివర చిన్న గది. ఏటేటా పొడిగిస్తేనే ఉండే ఉద్యోగం, పొడిగించే సంతకం ఆయనదే. ఆఫీసులో ఆయన్ని సార్ అనాలి. అక్కడ నీళ్ళ సంగతి ఎత్తితే, నలుగురిలో ఎందుకు, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అంటాడు. ఇంట్లో ఎత్తితే, ఆఫీసు విషయాలు ఇంట్లో వద్దంటాడు. ఇల్లూ కాని, ఆఫీసూ కాని చోటు వాళ్ళిద్దరికీ ఒక్కటే ఉంది, స్కూటరు. స్కూటరు మీద గాలికి ఏమీ వినపడదు.

ఆ రోజు కూడా ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, సీసా పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలోకి దిగింది. గొడుగుల కింద పడుకున్నవాళ్ళు కళ్ళద్దాలు పైకెత్తి చూశారు. ఆఫీసులో ఆమెకి నీళ్ళమ్మ అని పేరు. వెనకాల అనుకుంటారు గాని, ఎదురుగా అన్నా తిరిగి ఏమీ అనలేని మనిషి ఆమె. సముద్రం చూస్తే ముద్దొస్తోంది, అంత నీలంగా ఉంది. అదే ఆమె భయం. మురుగు కంటికి కనిపిస్తే ఎవరికి వాళ్ళే తప్పుకుంటారు. కలిసిపోయాక ఏది కనిపిస్తుంది? ఆ సీసాలో నీళ్ళు తెచ్చి, అద్దపు బిళ్ళ మీద పోసి, వెచ్చటి పెట్టెలో పెట్టి, తలుపు మూసి ఊరుకోవాలి. తెల్లారాక చూస్తే క్రిములన్నీ మచ్చలు మచ్చలుగా తేలతాయి. పాలు తోడేసినట్టేనా అమ్మాయ్, అని అత్తగారు ఒకసారి అడిగింది. అలాంటిదే అత్తయ్యా, తొందరపెడితే తోడుకోదు, అంది ఆమె. ఈలోగా జనం మునుగుతూనే ఉంటారు. ఆమె భయం ఎప్పుడూ ఒక రోజు ముందుంటుంది, ఆమె రుజువు ఎప్పుడూ ఒక రోజు వెనక వస్తుంది. మధ్యలో ఆ ఒక్క రోజూ ఆమెకి అన్నం సహించదు.

సీసా గదిలో పెట్టేసి ఆయన గదికి వెళ్ళింది. లోపల హోటళ్ళవాళ్ళు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"సార్, రిపోర్టు రేపు మధ్యాహ్నానికి గాని రాదు. కార్యక్రమం సాయంత్రం పెట్టుకుంటే..."

"రిపోర్టు రాలేదంటే, చెడ్డదని కూడా రాలేదన్నట్టేగా మేడమ్," అన్నాడు ఆయన. తర్వాత వాళ్ళవైపు తిరిగి, "మా ఆవిడ కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం లెండి," అన్నాడు. వాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు వరండా దాటేదాకా తనమీద తనకే ఒళ్ళు మండిపోయింది.

నిజమే, ఆమెకి అనుమానాలు ఎక్కువ. గ్యాసు కట్టేశానా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తుంది. పిల్ల తుమ్మితే నుదురు పట్టుకు చూస్తుంది. అనుమానం పెనుభూతం అంటుంది అత్తగారు. నీతో కాపురం చేయడం అంటే రోజూ పరీక్ష రాయడమే, అంటాడు ఆయన. అంతమంది అన్నన్నిసార్లు అంటే మనిషి నమ్మేస్తుంది. పోయిన సీజన్‌లో ఇలాగే వాన పడితే, మచ్చలతో నిండిపోయిన బిళ్ళ ఆమె తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన చూశాడు. నీళ్ళలో దిగొచ్చనే పచ్చజెండా ఒడ్డున అలాగే ఉంది. అదే రోజు బడినుంచి అటే వెళ్ళి చేపపిల్ల ఈత కొట్టింది. వారం తిరక్కుండా చెవిలో చీము. రాత్రుళ్ళు పిల్ల చెవి పట్టుకుని గుక్కపెట్టి ఏడిచేది. డాక్టరు ముందు ఆయన అన్న మాట: "చెప్పండి సార్, తలంటాక చెవి తుడవదు. పని మీద ధ్యాస ఉండదు." ఆమె తుడిచింది. తుడిచానని తెలుసు. అయినా డాక్టరు మొహం చూడలేక, నిజంగా తుడిచానా అని లోపల్లోపల వెతుక్కుంది. ఆ వెతుకులాట ఇప్పటికీ పోలేదు. పోనీలే, ఆయన నమ్మలేదు, అంతే కదా అని సర్దిచెప్పుకుంది. ఆయన దృష్టిలో అవన్నీ పెళ్ళాం చాదస్తం. నమ్మి ఉంటే దిగనిచ్చేవాడా? ఎంత కాదన్నా కన్నతండ్రి. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్ళూ ఆ మనిషి పక్కన పడుకుంటోంది.

ఆ సాయంత్రం ఆయన కూతురికి నారింజరంగు ఈతబట్టలు తెచ్చాడు. అది గౌను మీదే తొడుక్కుని ఇల్లంతా తిరిగింది. "అమ్మా, నేనే ముందు మునగాలి. నీకంటే ముందు. నాన్న చెప్పారు," అంది. ఆమె భోజనాలు వడ్డించింది. కంచం ముందు కూర్చున్న అత్తగారికి మనవరాలి సంబరం చూసి సరదా పుట్టింది.

"ఒరేయ్, నేనూ వస్తానురా రేపు. కుర్చీ వేస్తే ఒడ్డున కూర్చుంటాను. పనిలోపని కాలు కూడా కాసేపు నీళ్ళలో పెడతాను. ఉప్పునీళ్ళకి పుండు మానుతుందని మా అమ్మ అనేది."

"ఎందుకమ్మా నీకు, ఎండ."

"గొడుగు వేయించరా. మీ ఆవిడ రోజూ మరగబెట్టి తగలేస్తోంది, ఏమన్నా మానిందా? సముద్రం నీళ్ళయితే..."

"అవి సముద్రం నీళ్ళా అమ్మా?" ఆయన విసుగ్గా ముద్ద కలుపుతూనే అన్నాడు. "రాత్రి వానకి మురిక్కాలవంతా అందులోకే దిగింది. ఆ నీళ్ళు పుండుకి తగిలాయంటే కాలు తీసెయ్యాలి. నువ్వు ఇంట్లో ఉండు."

అని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. చేపపిల్ల కంచంలో వేళ్ళతో అలలు గీస్తోంది. అత్తగారు బల్ల కిందనుంచి కాలు వెనక్కి లాక్కుంది. తను ఏమన్నాడో ఆయనకి కాస్త ఆలస్యంగా తెలిసింది. నీళ్ళు నమిలాడు. "అంటే, నీకు పుండుంది కదా. మామూలువాళ్ళకి ఏం కాదు," అన్నాడు. తర్వాత పెళ్ళాం వైపు చూడకుండా గ్లాసు ముందుకు జరిపి, "కాసిని మంచినీళ్ళు పొయ్యి," అన్నాడు.

ఆమె పోసింది. ఆశ్చర్యం ఏమిటంటే, పొద్దున్నించీ గుండెల్లో గుబగుబలాడుతున్నది ఒక్కసారిగా ఆగిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె పోట్లాడింది ఆయన తెలియనితనంతో అనుకుంది. ఎలా చెబితే తెలుస్తుంది, ఏ మాటైతే తలకెక్కుతుంది, ఏ వేళప్పుడు చెబితే విసుక్కోడు అని, వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, స్కూటరు వెనక కూర్చుని, మాటలు కూర్చుకుంది, మార్చుకుంది. ఆయనకి తెలుసు. వాన సంగతి తెలుసు, తూము సంగతి తెలుసు. ఆమె ప్రతి మాటా విన్నాడు, ప్రతి మాటా నమ్మాడు. పోయినేడు ఆ బిళ్ళని కూడా నమ్మాడన్నమాట. నమ్మే పచ్చజెండా ఉంచాడు. నమ్మే డాక్టరు ముందు కూర్చుని, చెవి తుడవదు అన్నాడు. చాదస్తపు పెళ్ళామని ఆమెకి పేరు పెట్టింది నమ్మక కాదు, నమ్మి. రేపటి రిపోర్టు కోసం ఇంక ఆగక్కర్లేదు. అది వెచ్చటి పెట్టెలో కాదు, అన్నం కంచం దగ్గరే తోడుకుంది. తల్లి కాలికి తగలకూడని నీళ్ళు కూతురి చెవిలోకి, ముక్కులోకి, నోట్లోకి పోవచ్చు. అది కూడా టీవీలో, నవ్వుతూ.

ఆమెకి ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. అంత అసహ్యంలోనూ గిన్నెలు తోమింది, వాటిని ఎవరు తోముతారు మరి?

తెల్లారి ఆయన ముందే వెళ్ళిపోయాడు, ఏర్పాట్లు చూసుకోవాలని. ఆమె నీళ్ళు మరిగించి, అత్తగారి కాలు కడిగి, కట్టు కట్టింది. అత్తగారు రోజూలా దాని మీదా దీని మీదా సణగలేదు. కట్టు అయ్యాక మిగిలిన దూదిలోంచి కాస్త తుంచి, చిన్న ఉండలు చేసి, కోడలి అరచేతిలో పెట్టింది.

"పిల్ల చెవుల్లో పెట్టమ్మాయ్," అంది. "కాస్త నూనెలో ముంచి పెడితే నీళ్ళు దిగవు."

ఆమె ఆ దూది వంక చూసింది. అత్తగారు మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తోంది. చెడ్డ మనిషేం కాదు. మనవరాలంటే ప్రాణం. కానీ కొడుకు చేసినదానికి ఆవిడ దగ్గరున్న మందు ఆ దూదే. ఆవిడ కాలంలో కూడా ఎవరో ఒకరు ఇలాగే ఇంత దూది ఇచ్చి ఉంటారు. ఇంక పదేళ్ళో పదిహేనేళ్ళో పోతే తనూ ఎవరి చేతిలోనో ఇదే పెడుతుందేమో.

ఆమె దూది గట్టు మీద పెట్టేసి, పిల్లకి బడి బట్టలు వేసింది. అది మూతి ముడిచింది. దారిపొడుగునా కాళ్ళీడుస్తూ నడిచింది. "నువ్వు చెడ్డ అమ్మవి. నాన్న మంచి," అంది. ఆమె, ఆ మాట కూడా ఇవాళ పడాలి కాబోలనుకుంది.

పిల్లకి జ్వరమని చెప్పి ఇంట్లో ఉండిపోవచ్చు. అది ఆమెకి తట్టకపోలేదు. తన పిల్ల తనకి దక్కుతుంది, ఆయన రెండు రోజులు విసుక్కుని ఊరుకుంటాడు, ఉద్యోగం ఉంటుంది. కానీ బీచ్‌కి చేరేసరికి ఒడ్డున తాడు కట్టారు. తాడు వెనక ఎక్కడెక్కడి పిల్లలో గాలి ట్యూబులు నడుముకి తగిలించుకుని, ఎప్పుడు వదులుతారా అని తొక్కులాడుతున్నారు. చంకలో పిల్లలతో తల్లులు ఉన్నారు. చిన్న వేదిక మీద ఆయన మైకు పట్టుకుని, "మా ఇంట్లోవాళ్ళే మొదట మునుగుతారు. తర్వాత మీరంతా," అంటున్నాడు. చప్పట్లు కొట్టారు. సముద్రం నిన్నటికంటే నీలంగా ఉంది.

ఆమె వేదిక వైపు వెళ్ళలేదు. కాపలా గుడిసె వైపు తిరిగింది. అక్కడ ఉండే పెద్దాయన్ని అందరూ ఈల అంటారు, మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంది కాబట్టి. ఎవరైనా మునుగుతుంటే దూకి తెచ్చేది ఆయనే, పొద్దున్నే జెండా ఎత్తేదీ ఆయనే. ఏ జెండా ఎత్తాలో చెప్పేది మాత్రం సారు. పచ్చజెండా అప్పటికే పైన ఎగురుతోంది. ఎర్రది గుడిసెలో మూల చుట్ట చుట్టి ఉంది. ఆమె లోపలికి వెళ్ళి దాన్ని తీసుకుంది. బరువేం లేదు. ఇంత గుడ్డముక్క.

"ఇది ఎత్తండి," అంది.

ఈల ఆమెని చూశాడు, పిల్ల వేసుకున్న బడి బట్టలు చూశాడు, వేదిక వైపు చూశాడు. మైకులో ఆయన, "రండి రండి, సిగ్గుపడుతున్నట్టున్నారు," అని పిలుస్తున్నాడు. టీవీవాళ్ళు కెమెరా ఇటు తిప్పారు.

"సారు చెప్పకుండా నేను ఎత్తకూడదు కదమ్మా," అన్నాడు ఈల మెల్లిగా. "సారు చెప్పారా?"

ఆమె కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చెప్పారు," అంది. "రాత్రి అన్నం తింటూ వాళ్ళమ్మగారికి చెప్పారు."