ఇద్దరికీ ఒకటే రిపోర్టు

అమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. కణాలకు "ఇక పెరగొద్దు" అని చెప్పి ఆపాల్సిన జన్యువు ఆమెలో పాడైందని, అది మాకూ వచ్చి ఉండొచ్చని డాక్టరు అన్నాడు. అక్కా నేనూ అచ్చుగుద్దినట్టుండే కవలలం. ఒకరికి పరీక్ష చేస్తే ఇద్దరికీ చేసినట్టే. నేను వద్దన్నాను. అక్క చేయించుకుని, ఫలితం నాకు చెప్పనని ఒట్టేసింది.

రిపోర్టు వచ్చిన రోజు మా కుట్టు షాపులో ఎదురెదురు మిషన్ల ముందు కూర్చున్నాం. అక్క తలెత్తలేదు. ఒకే చొక్కా చేతిని మూడుసార్లు విప్పి కుట్టింది. అడగలేను, లేచి పోలేను.

"ఉంది కదూ?" అన్నాను.

"నేనేమీ అనలేదే!" అంది, కళ్లు తుడుచుకుంటూ.

"నా మొహం నాకు తెలీదా అక్కా?"

మర్నాడు షాపు మూసి ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. పేర్లు పిలిచేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.