తడిసున్నం

హుద్‌హుద్ తుఫాను ఎగరేసుకుపోయిన రేకుల చోట కొత్తవి బిగించి, చీపురుపల్లిలో ఉమాపతి కిరాణాకొట్టు మళ్ళీ తెరిచిన వారం అది. కొట్టు నిండా బేరాలు. అతని భార్య పద్మకుమారి ఓ పక్కన కూర్చుని, తాంబూలంలోకి వాడే తడిసున్నాన్ని చిన్న పాలిథిన్ పొట్లాలుగా కడుతోంది.

దారం బిగించేసరికి ఒక పొట్లం టప్పున పగిలింది. సున్నం సూటిగా ఆమె కుడికంట్లో పడింది.

“అమ్మో, కన్ను!” పక్కనున్న నీళ్ళచెంబు ఎత్తింది.

ఉమాపతి ఒక్క గెంతులో వచ్చి ఆ చెయ్యి పట్టేశాడు.

“మతి పోనాదేటి? సున్నం మీద నీళ్ళు పడితే సలసల ఉడుకుతాది!”

“మంటండీ, వదలండీ!”

“సెప్పింది ఇను! పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచి సున్నం అమ్ముతన్నాను.”

“శెట్టిగారికి తెలీని సున్నమా!” అన్నాడు బేరానికొచ్చిన కూర్మయ్య.

ఉమాపతి ఆ కంట్లో ఆముదం చుక్కలు వేసి, గుడ్డ కట్టి, ఆటో ఎక్కించాడు.

విజయనగరం కంటి ఆస్పత్రిలో డాక్టరు గౌతమి గుడ్డ విప్పీ విప్పగానే సెలైన్ ధార పెట్టించింది. రెప్ప తిరగేసి సున్నం పలుకులు ఏరుతూ అడిగింది.

“పడగానే ఎందుకు కడుక్కోలేదమ్మా? నీళ్ళకి ఉడికేది రాతిసున్నం. ఇది ఎప్పుడో ఉడికి చల్లారింది. అసలు ఏ సున్నమైనా ముందు నీళ్ళే, ధారగా, ఆపకుండా. ఆ మాత్రం తెలీదా?”

ఉమాపతి గోడకున్న కంటి బొమ్మ వైపు తిరిగాడు.

“కంగారులో తోచలేదమ్మా,” అంది పద్మకుమారి.

కడగడం అయ్యాక డాక్టరు ఆమె ఎడమకన్ను మూసి వేళ్ళు చూపించింది.

“మంచు పట్టినట్టున్నాది. ఏటీ కనబడ్డం లేదు.”

“నల్లగుడ్డు కాలింది. మందులు వేద్దాం. ఎంత చూపు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను. వెంటనే కడుక్కుని ఉంటే...”

“నేనే ఆపేనండీ,” అన్నాడు ఉమాపతి. గొంతు అతనికే వినపడలేదు. మళ్ళీ అన్నాడు. “నీళ్ళు పోసుకోబోతే సెయ్యి పట్టీసేను. ఆవిడి తప్పేటీ లేదు.”

డాక్టరు అతనివైపు ఓసారి చూసి, మందుచీటీ రాసి బయటికి వెళ్ళింది.

“ఏటండీ,” అంది పద్మకుమారి నెమ్మదిగా. “రోజూ ఆ సున్నం సేతులే కదా కుళాయి కింద కడుక్కుంటారు. ఎప్పుడైనా ఉడికిందా?”

అతను తల దించుకున్నాడు. “లేదు. కొట్లో అందరూ సూస్తన్నారు. అంత గట్టిగా అనేసేక మరి వదల్లేకపోయాను, పద్మా.”

నర్సు చుక్కలమందు సీసా తెచ్చింది. “గంటగంటకీ వెయ్యాలి. ఎవరు వేస్తారు?”

ఉమాపతి చెయ్యి చాపాడు. పద్మకుమారి ఆ సీసా తనే అందుకుంది.