అడుగున ఉన్న చిన్నక్షరాలు

క్రైస్తవ సంఘ చరిత్రకు కొత్త పాఠ్యగ్రంథం ఎంచమని ప్రిన్సిపాల్ మూడు లావుపాటి పుస్తకాలు నా బల్ల మీద పడేసి వెళ్లాడు. గడువు ఈ సాయంత్రం. నేను లైబ్రేరియన్‌ని, పండితురాలిని కాను మహాప్రభో అన్నా వినలేదు. పీఠం పోగొట్టుకున్న ఒక బిషప్పును మొదటి పుస్తకం పుణ్యాత్ముడంది. రెండోది రౌడీ అంది. మూడోది, తీర్పు చెప్పిన మహాసభకు ఆయన అసలు రానేలేదంది. రాసిన ముగ్గురూ పెద్ద ప్రొఫెసర్లే, ఎవరిని నమ్మి చావను? తల ప్రాణం తోకకొచ్చింది.

మూడూ సంచిలో వేసుకుని మామయ్య దగ్గరకు పోయాను. మా అమ్మ తమ్ముడు. మా కాలేజీలోనే ఈ పాఠం నలభై ఏళ్లు చెప్పాడు. ఇన్నాళ్లూ నడిచిన పాఠ్యపుస్తకం ఆయన రాసిందే, ఇప్పుడు తీసేస్తున్నదీ అదే. ఆ కబురు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలో తెలియక దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను. తీరా చూస్తే ఆయనకు ముందే తెలుసు. చూపు పోయింది కదా, చదివి వినిపించమన్నాడు.

మొదటి రెండూ పది పేజీలకే చాలన్నాడు. ఆధారాలకన్నా అరుపులెక్కువట. మూడోది తల వంచుకుని విన్నాడు. బిషప్పు సభకు రాలేదన్న చోట చెయ్యెత్తి ఆపాడు.

"అంత మాట అన్నవాడు ఊరికే వదలడు. అడుగున చిన్నక్షరాల్లో ఏముందమ్మా?"

కాలేజీ పాఠ్యపుస్తకమన్న మాట కంటపడి, అది మామయ్యదేనేమోనని కావాలనే దాటేశాను దాన్ని. దొరికిపోయాక చదవక తప్పలేదు. సభలో బిషప్పు కన్నీళ్లు పెట్టుకున్నాడన్న కథ ఒక కాలేజీ పాఠ్యపుస్తకంలో తప్ప ఎక్కడా లేదట.

"నిజమే. నేను కల్పించిందే అది. పిల్లలు నిద్రపోకుండా వింటారని పెట్టాను." ఆ వెంటనే ఆశగా అడిగాడు. "నా పేరు వేశాడా?"

వెయ్యలేదు. అయినా ఆ ముఖం చూశాక నా నోరు ఊరుకోలేదు. పూర్తి పేరు, పేజీ అంకెతో సహా ఉందన్నాను. ఎన్నో పేజీ అన్నాడు. రెండొందల పన్నెండని నోటికొచ్చింది చెప్పేశాను.

"నా పుస్తకం మొత్తం నూట ఎనభై పేజీలే తల్లీ. నువ్వు ఒక్కసారి కూడా తెరవలేదన్నమాట."

ఇరవై ఏళ్లుగా దాన్ని బీరువాలోంచి తీసి పిల్లలకిస్తున్నదాన్ని నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

"ప్రిన్సిపాల్‌కి మూడోదాని పేరే రాసిచ్చెయ్యి," అని మామయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.