గడ్డపార చప్పుడు

మా గనులపేట చరిత్ర మా ఆయన సంజీవయ్యకు కంఠతా వచ్చు. బనగానపల్లె నవాబుల కాలంలో వజ్రాల కోసం తవ్విన గుంతలు, ఆ తర్వాత ముగ్గురాయి కోసం కొండలోకి తొలిచిన గని, ఆ తెల్లపొడితో మా ఆడవాళ్ళు వాకిళ్ళలో పెట్టే మందపాటి ముగ్గులు, ఏది అడిగినా చెప్తాడు. ఏం లాభం? తొంభై ఆరులో గని మూతపడ్డాక ఏడేళ్ళు మామిడితోటల్లో కూలికి పోయాడు.

అందుకే నంద్యాల కాంట్రాక్టరు నాగేశ్వరరావు గనిని లీజుకు తీసుకుని, లోపల లైట్లు పెట్టించి, వాకిట్లో ఆళ్ళగడ్డలో చెక్కించిన గనికూలీ విగ్రహం నిలబెట్టి, చూడవచ్చే జనానికి కథ చెప్పే పని మా ఆయనకిచ్చినప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. నెలనెలా జీతం మరి!

మా గనిలో ఒక పద్ధతుండేది. పొద్దున ఎవరూ లోపలికి అడుగుపెట్టకముందే కూలీల పెద్దమనిషి గడ్డపారతో నెత్తిమీది కప్పురాయిని కొట్టి వినాలి. అప్పట్లో ఆ పెద్దమనిషి మా ఆయనే. ఖంగుమంటే పోవచ్చు. దబ్బుమంటే రాయి వదిలినట్టు. తొంభై నాలుగులో ఒకనాడు లారీ లోడు తొందరలో మా ఆయన కొట్టకుండానే అందరినీ లోపలికి పంపాడు. ఆరోజు కప్పు కూలింది, మా మరిది బాలస్వామి తిరిగి రాలేదు.

ప్రారంభం రోజు నంద్యాల నుంచి రెండు బస్సుల జనం దిగారు. మా ఆయన కథ మొదలుపెట్టకుండా గడ్డపార అందుకున్నాడు. మూడో చోట దబ్బుమంది.

"కప్పు వదిలింది. ఎవురూ లోపలికి పోగాకండి," అంటూ సొరంగానికి అడ్డం నిలబడ్డాడు.

"ఇంజనీరు చూసిపోయినాడు. ఆయనకంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు నాగేశ్వరరావు.

"ఆయన చూసినాడు సార్. నేను వింటాండా."

అంతే, ఉద్యోగం పోయింది. ఇంకొకణ్ణి పెట్టుకున్నారు. జనం నవ్వుతూ పోయారు, నవ్వుతూ వచ్చారు. ఏదీ కూలలేదు. ఆయన పెట్టిన అర్జీలనూ ఎవరూ పట్టించుకోలేదు.

"నోటికాడి కూడు నేలపాలు చేస్తివి కదా!" అని నెలరోజులు సాధించాను. ఆ కప్పు కూలినా బాగుండు, మా ఆయన మాట నెగ్గేది అని కూడా అనుకున్నాను. అట్లా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

ఆయన రోజూ పొద్దున్నే ఎటో పోయి అన్నం వేళకు వచ్చేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం దాటినా రాలేదు. తిట్టుకుంటూ క్యారియర్ పట్టుకుని వెతుక్కుంటూ పోతే గని ముందర బండ మీద కూర్చుని ఉన్నాడు.

"ఈడ ఏం చేస్తాండావ్? అన్నం తినేది లేదా?"

"ఉండు మే. బడిపిల్లోళ్ళు యాభై రెండు మంది లోపలికి పోయినారు. నలభై మందే బయటికొచ్చినారు."

అప్పుడు తెలిసింది, రోజూ ఈయన పోతున్నది ఎక్కడికో. పక్కన కూలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. నలభై ఆరు దాకా ఆయన ఒక్కడే లెక్కపెట్టాడు. అక్కణ్ణుంచి నా పెదాలూ కదిలాయి. యాభై ఒకటి దగ్గర లెక్క ఆగిపోయింది. దేవుడా, కూలొద్దు, మా ఆయన మాట అబద్ధమైనా సరే అని మొక్కుకున్నాను.

జారిపోయిన రిబ్బన్ కట్టుకుంటూ ఒక పాప బయటికొచ్చింది.

"యాభై రెండు," అన్నాం ఇద్దరం.

"ఇంక అన్నం పెట్టు మే," అన్నాడాయన.